మన పేర తిరుగు దొంగ యుత్తరములు

ఒకనాటి యుదయమున మేము మా ఈమెయిలు తెఱచి చూడగా, నలువదికి పైబడిన యుత్తరములు "ఈ చిరునామాకు చేర్చుటకు వీలులేదు" అను గుఱుతుతో మాకు తిరిగి వచ్చియుండెను. వానిలో నొక్కటియు మేము వ్రాసినది కాదు. ఎవ్వరో మోసగాండ్రు దొంగమందు లమ్ముటకై మా చిరునామా పెట్టి యెల్లరకు పంపినారు. బంధువొకామెకును నట్టిదొకటి చేరినదట. ఆమె సాయంకాలము ఫోను చేసి, "ఏమి వదినా, ఈ మందుల బేరమెప్పుడు మొదలుపెట్టితివి?" అని యడిగినది. పరిహాసమే యైనను ఆ మాట మాకు ముల్లువలె నాటినది. చేయని పనికి పేరు చెడుటకన్న కష్టమేమున్నది? ఇట్టి యవస్థ యే సోదరికైనను రావచ్చును గాన, మేము తెలిసికొనిన సంగతులు కొన్ని వ్రాయుచున్నాము.

కవరుపై పంపువారి పేరు వ్రాయుచోట నెవరేమి వ్రాసినను తపాలావారు పరీక్షింపరు. ఉత్తరము చేరనిచో ఆ పేరుగలవారికే త్రిప్పి పంపుదురు. ఈమెయిలును నట్టిదే. 1982లో దీని కేర్పఱచిన నియమములలో, పంపినవారు నిజముగా వారేనా యని తెలిసికొను మార్గము లేదు. నాడు దీనిని వాడినవారు విశ్వవిద్యాలయములలోను, పరిశోధనశాలలలోను ఉండిన కొలదిమంది. ఒకరినొకరు నమ్మిన కాలమది.

ఇట్టిది జరిగినపుడు మొదట చూడవలసినది, దొంగ మన యింటి పేరు మాత్రము వాడెనా, లేక యింటిలోనే ప్రవేశించెనా యనునది. "పంపినవి" అనుచోట మన మెఱుగని యుత్తరములున్నను, తెలియని ఫోనునుండి గాని కంప్యూటరునుండి గాని ఖాతా తెఱచినట్లు కనబడినను, వెంటనే పాస్‌వర్డు మార్చి, రెండంచెల పరీక్ష నేర్పఱచుకొనవలెను. "పంపినవి" ఖాళీగానున్న మాత్రమున నిశ్చింత పడరాదు. దొంగ వానిని తుడిచివేయవచ్చును. ఈ జాడలేవియు లేనిచో పేరు మాత్రమే దొంగిలింపబడెనని యెంచవచ్చును. అప్పుడు భయపడి చిరునామా మార్చుకొన నక్కఱలేదు. తఱచుగా కొలది దినములకు మోసగాండ్రు వేఱొక పేరు పట్టుదురు. తిరిగి వచ్చిన యుత్తరములకు జవాబు వ్రాయరాదు. వానిలోని లంకెలను ముట్టరాదు.

సొంత వెబ్‌సైటు పేర ఈమెయిలు పెట్టుకొని పచ్చళ్లో, చీరలో అమ్ముకొను సోదరీమణులు మఱియొక జాగ్రత్త పడవలెను. తమ పేర నే యంత్రములు ఉత్తరములు పంపవచ్చునో తెలుపు పట్టిక ఎస్.పి.ఎఫ్.; ఉత్తరముపై వేయు ముద్ర డి.కె.ఐ.ఎం.; ఇవి సరిపడని యుత్తరమును త్రోసిపుచ్చుడని చెప్పు నాజ్ఞ డిమార్క్. ఈ మూడింటిని వెబ్‌సైటు నడుపువారిచే పెట్టించుకొనవలెను. 2024 ఫిబ్రవరి నుండి గూగులు, యాహూ సంస్థలు పెద్దమొత్తమున ఉత్తరములు పంపువారికి వీనిని తప్పనిసరి చేసినవి.

మన దేశమున కంప్యూటరు మూలమున ఒరుల వేషము ధరించి మోసగించుట, సమాచార సాంకేతిక చట్టము 66-డి విభాగము ప్రకారము, మూడేండ్లవఱకు శిక్షింపదగిన నేరము. ధనము పోయినచో 1930 నంబరునకు తక్షణమే ఫోను చేయవలెను.

ఆనాడు మమ్ము నొప్పించిన వదినగారి ప్రశ్నయే మాకు మేలుచేసినదని తరువాత తోచినది. ఆమె యడిగినది గనుక మేము చెప్పగలిగితిమి. అడుగక మనస్సులో నుంచుకొన్నవారెందఱో! కావున ఆత్మీయుల పేర వింత యుత్తరము వచ్చినను, డబ్బు పంపుమని వ్రాసియున్నను, ఆ పేరు చూచి నమ్మవలదు, ఆ పేరుగలవారిని నిందింపవలదు. ఒక్కమాఱు ఫోను చేసి యడుగుడు.