ప్రభుత్వం లేని లోకంలో పాలించేదెవరు?

ప్రభుత్వం అనగానే మనకు పోలీసు, కోర్టు, పన్ను, జీవో గుర్తొస్తాయి. ఇవేవీ లేకుండా మనుషులు కలిసి బతకగలరా? ఈ ప్రశ్నను సైన్స్ ఫిక్షన్ రచయితలు ఎంతో ధైర్యంగా అడిగారు.

అందుకు ఒక కారణం దూరం. సూర్యుని తర్వాత మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడ మనుషులు స్థిరపడ్డారనుకుందాం. మనం పంపిన ఉత్తర్వు చేరడానికి నాలుగేళ్లు దాటుతుంది. జవాబు రావడానికి మరో నాలుగేళ్లు దాటుతుంది. అలాంటి చోటును ఏ రాజధాని పాలించగలదు? అందుకే కొందరు రచయితలు సామ్రాజ్యాలను పక్కనపెట్టి, ప్రభుత్వమే లేని సమాజాలను ఊహించారు.

వాటిలో ప్రసిద్ధమైనది అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ నవల 'ది డిస్‌పొసెస్డ్' (1974). ఉర్రాస్ అనే గ్రహంలో తిరగబడినవాళ్లు దాని చంద్రుడైన అనారెస్‌కు వెళ్లి స్థిరపడతారు. అక్కడ డబ్బు లేదు, సొంత ఆస్తి లేదు, చట్టం లేదు, పోలీసు లేడు. అందరూ ఉమ్మడి భోజనశాలల్లో తింటారు. చాలామంది డార్మిటరీల్లో పడుకుంటారు. హాస్టల్లో పెరిగిన మనకు ఇదేమీ కొత్త కాదు! పనులను, సరుకులను సమన్వయం చేసే ఒక సంఘం మాత్రం ఉంటుంది. దాని సభ్యులను చీటీలు తీసి ఎంపిక చేస్తారు.

మరి అక్కడ పాలన లేనట్టేనా? నవలలోని రెండు సంగతులు చూడండి.

మొదటిది జాబితా. కరువు వస్తుంది. పూర్తి పని చేసేవారికి పూర్తి రేషన్, సగం పని చేసేవారికి ముప్పావు, పనిచేయలేని రోగులకు సగం. సగం తిండితో రోగి కోలుకోలేడు. ఆ జాబితా రాసే పని కథానాయకుడు షెవెక్‌కు పడుతుంది. భరించలేక వదిలేస్తాడు. కానీ ఆ పనికి వెంటనే మరొకరు దొరుకుతారు.

రెండోది జనాభిప్రాయం. షెవెక్ గొప్ప భౌతిక శాస్త్రవేత్త. అయినా తన పరిశోధన అచ్చు కావాలంటే సబుల్ అనే పెద్ద పేరు కూడా పక్కన పెట్టాల్సి వస్తుంది. ఉర్రాస్‌కు బయలుదేరితే ద్రోహి అంటూ జనం రాళ్లు విసురుతారు. వెళ్లకూడదని చట్టం ఎక్కడా లేదు. నలుగురి మాటే చట్టమైంది.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో రాజ్యాన్ని ఇలా నిర్వచించాడు: ఒక ప్రాంతంలో న్యాయంగా బలప్రయోగం చేసే హక్కు తనదొక్కదానిదే అని నెగ్గించుకునే వ్యవస్థ రాజ్యం. ఆ లెక్కన అనారెస్‌లో రాజ్యం లేదు. పంపకం, కట్టుబాటు మాత్రం ఉన్నాయి.

కట్టుబాటు బలం మనకు తెలియనిదా? రెండు గ్లాసుల పద్ధతికి ఏ ప్రభుత్వం జీవో ఇచ్చింది? సాంఘిక బహిష్కరణకు ఏ కోర్టు తీర్పు చెప్పింది? ఊరి మాటే కదా! 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో డాక్టర్ అంబేద్కర్ గ్రామ వ్యవస్థను కీర్తించేవారితో విభేదించారు. రాజ్యాంగ ముసాయిదా గ్రామాన్ని కాక వ్యక్తిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించారు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఊరంతా ఒకవైపు, ఒక్కడు ఒకవైపు నిలబడినప్పుడు ఆ ఒక్కడికి ఆసరా అదే. అది పుస్తకంలో ఉంటే చాలదు, అమలు కావాలన్నదీ మనకు తెలుసు.

లెగ్విన్ అనారెస్ కలను ఎగతాళి చేయలేదు. షెవెక్, అతని మిత్రులు అక్కడే సొంత ముద్రణ సంఘం పెట్టుకుని, ఎవరి అనుమతీ అడగకుండా పుస్తకాలు అచ్చువేస్తారు. తమ సమాజాన్ని ప్రశ్నిస్తూనే దాన్ని ప్రేమిస్తారు.

మిత్రులారా! ప్రభుత్వం ఉందా, లేదా అని మాత్రమే అడిగితే సరిపోదు. జాబితా ఎవరు రాస్తున్నారు? అది అందరికీ కనబడుతోందా? అందులో పేరు లేనివాడు ఎవరిని అడగాలి? మన మెస్ కమిటీ దగ్గర మొదలుపెట్టి, రేపు మీరు ఏ ఉద్యోగంలో చేరినా, ఏ ఊళ్లో ఉన్నా ఈ మూడు ప్రశ్నలూ అడగండి. జాబితా రాసే కలం మీ చేతికే వస్తే, మిమ్మల్ని మీరే అడగండి.