ఒక పాత స్పోర్ట్సు కారు పునరుద్ధరణము

క్రిందటి వేసవి సెలవులలో మేము ఇంగ్లండునందు కొవెంట్రీ పట్టణమున నివసించు మా తమ్ముని యింట ఐదు వారములు గడపితిమి. కోటలను, పుస్తకశాలలను చూచి వత్తుమని బయలుదేరిన మాట నిజమే గాని, అందు మూడు వారములు అతని గ్యారేజిలోనే గడచిపోయెను. ఆ గదిలో 1966వ సంవత్సరపు ఎమ్.జి.బి. కారొకటి చక్రములు లేక, ఇంజను లేక, ఇనుప స్టాండులమీద నిలిచి యుండెను. మా తమ్ముడు సాయంకాలములందును, ఆదివారము గాక తక్కిన సెలవుదినములందును దానిని స్వహస్తములతో బాగుచేసికొనుచున్నాడు. మా విద్యార్థులలో యంత్రములయందు మక్కువ గలవారు పెక్కురు గలరు గనుక, అచ్చట మేము తెలిసికొన్న సంగతులను ఇందు వ్రాయుచున్నాము.

ఎమ్.జి. యనునవి "మారిస్ గ్యారేజెస్" అను పేరునకు పొడియక్షరములు. విలియం మారిస్ అను నాతడు ఆక్స్‌ఫర్డులో నడపిన వ్యాపారశాల పేరది. కావున ఈ జాతి కారు గ్యారేజిలో మరల జన్మమెత్తుట తగియే యున్నదని మేము పరిహాసమాడితిమి. ఎమ్.జి.బి. కార్లు 1962 మొదలు 1980 వఱకు ఆబింగ్‌డన్ అను ఊర తయారైనవి. మొత్తము ఐదు లక్షలకు పైగా వెలువడినవి. మా తమ్ముని కారు ఇద్దరు కూర్చుండదగినది. దాని కప్పు గుడ్డది, మడిచి వెనుకకు వేయవచ్చును. ఇంజను నాలుగు సిలిండరులది, 1798 ఘనపు సెంటీమీటరులది. గంటకు నూఱు మైళ్లకు కొంచెము పైబడిన వేగము నందుకొనును. నేటి సామాన్యపు కారును ఆ మాత్రము పరుగిడును గాని, ఆ దినములలో అది గొప్ప వేగమే.

పాత కారును బాగుచేయుట యనగా ఇంజనును విప్పుటయే యని మే మనుకొంటిమి. మా తమ్ముడు మమ్ము నేలమీద కూర్చుండబెట్టి తలుపు క్రింది భాగమును చూపెను. పూర్వపు కార్లకు అడుగున నిచ్చెనవంటి యినుప చట్రముండి, దానిపై పెట్టె బిగింపబడెడిది. ఎమ్.జి.బి.కి అట్టి చట్రము లేదు. రేకులతో చేసిన పెట్టెయే బరువంతయు మోయవలయును. తలుపుల క్రింద ముందునుండి వెనుకకు సాగు బోలుభాగమును సిల్లు అందురు. విద్యార్థులారా, చెప్పుల అట్టపెట్టెను మూతతో పట్టి మెలిపెట్టి చూడుడు. పిమ్మట మూత తీసి మరల మెలిపెట్టుడు. పైకప్పు లేని కారు మూత లేని పెట్టె వంటిది. అది వంగక నిలుచుట ముఖ్యముగా ఆ సిల్లుల బలము చేతనే.

ఐతే ఆ దేశమున శీతకాలమందు మంచు గడ్డకట్టకుండుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు సిల్లులోనికి చేరి, లోపలినుండి రేకును తినివేయును. వెలుపల రంగు నిగనిగలాడుచుండ లోపల తుప్పు తప్ప మఱేమియు నుండదు. పాత యజమానులు కొందఱు రంధ్రములను పుట్టీతో పూడ్చి రంగు వేయుటయు కలదు. దీనిని కనుగొనుటకు మా తమ్ముడు పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతమును రేకువెంట జరపెను. ఇనుమున్న చోట అది అంటుకొనును, పుట్టీ యున్న చోట జాఱిపోవును. ఎడమవైపున జానెడు మేర అది యెచ్చటను నిలువలేదు.

తుప్పుపట్టిన సిల్లును కోసి క్రొత్తది వెల్డింగు చేయవలెను. కోయుటకు ముందే తలుపు సందునకు అడ్డముగా ఇనుప కడ్డీ నొకదానిని బిగింపవలయును. అట్లు చేయనిచో కారు నడుమ క్రుంగును. క్రుంగిన రూపమునందే క్రొత్త రేకు అతికినయెడల, తలుపు మఱెన్నడును సరిగా మూసికొనదు. ఒక వైపు పూర్తియైన పిదపనే రెండవవైపు ముట్టుకొనవలెను. ఈ కారునకు క్రొత్త పెట్టె మొత్తమును 1988 నుండి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అను సంస్థవారు చేసి యమ్ముచున్నారు గాని, దాని వెల మా తమ్ముని చేతికి అందునది కాదు.

ఇంత శ్రద్ధ యెందులకని యడిగితిమి. ఆ దేశమున కార్లకు ఏటేట పరీక్ష కలదు. ఐనను 2018 మే నెల మొదలుకొని, నలుబది యేండ్లు దాటి, కడచిన ముప్పది యేండ్లలో ముఖ్యమైన మార్పులు పొందని బండ్లకు ఆ పరీక్ష తప్పనిసరి కాదు. అనగా ఈ కారు రోడ్డుమీదికి వచ్చునపుడు దానిని చూచి, ఇది తగదు అని చెప్పు వారెవ్వరును లేరు. చేసిన వాడే తన పనికి పరీక్షకుడు. విద్యార్థి తన ప్రశ్నపత్రమును తానే దిద్దుకొనుట వంటి దిది! అందుచేత మా తమ్ముడు విధి లేకున్నను కారును పరీక్షకు తీసికొనిపోవ నిశ్చయించుకొన్నాడు.

ఇక బ్రేకులు. పెడలును త్రొక్కగా మాస్టరు సిలిండరులోని ద్రవము ఒత్తిడిని నాలుగు చక్రములకును చేర్చును. ఇది మన పాఠములలోని పాస్కల్ నియమమే. 1966 నాటి కారులో ఈ ద్రవమంతయు ఒకే మార్గమున నుండును. ఎచ్చట నొక గొట్టము పగిలినను నాలుగు బ్రేకులును ఒక్కసారిగా పోవును. తరువాతి కార్లలో రెండు గదుల సిలిండరు వచ్చెను. దానిచే సగము పోయినను సగము మిగులును. మా తమ్ముడు తన కారునకు మొట్టమొదట చేసిన మెఱుగుదల అదియే.

మఱియొక సంగతి. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చికొనును. డాట్ 4 అను రకము క్రొత్తదైనపుడు కనీసము 230 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరగదు. తేమ పట్టినపుడు ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. దీర్ఘమైన పల్లమున బ్రేకు వేడెక్కి ద్రవము మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నొక్కిన నణగదు గాని ఆవిరి యణగును. అంతట పెడలు నేలకంటును, కారు నిలువదు. వేగము హెచ్చిన కొలది ఈ వేడి యెట్లు పెరుగునో లెక్కకట్టుడు. గంటకు 50 మైళ్ల వేగమును 70 చేసినచో, ఆపుటకు హరింపవలసిన శక్తి ఇంచుమించు రెండింతలగును.

ఒకనాటి సంగతి చెప్పకుండ లేము. మా తమ్ముడు కారును జాకీతో మఱికొంత యెత్తి, స్టాండులను క్రొత్త యెత్తునకు సరిచేసి, వెనుక ఇరుసు క్రిందికి దూరెను. మేము దీపము పట్టుకొని కాళ్లు చాచి ప్రక్కన కూర్చుంటిమి. జాకీలోని నూనె కారిపోయి కాబోలు, కారు చప్పుడు లేకుండ అంగుళము దిగి, స్టాండులపై టక్కున ఆగెను. స్టాండులు లేకున్న ఆ అంగుళము అచ్చట ఆగియుండదు. ఆ సాయంకాలము మేమిద్దఱమును పని చేయలేదు. మా మఱదలితో చెప్పనును లేదు.

ఇంజనులో ముఖ్యమైన మార్పు పెట్రోలు వలన వచ్చినది. ఆ కాలపు పెట్రోలులో సీసము కలిపెడివారు. అది మండగా మిగిలిన పొర పోతయినుపు వాల్వు పీటలను అరుగకుండ కాపాడెడిది. బ్రిటనులో 1999 తుదిని అట్టి పెట్రోలు సామాన్య విక్రయమునుండి తొలగెను. కావున తల విప్పినపుడు గట్టి యుక్కు పీటలను అమర్చుట మంచిది. 2021 నుండి అచ్చట సామాన్య పెట్రోలులో నూటికి పది వంతుల వఱకు ఇతనాలు కలుపుచున్నారు. అది పాత రబ్బరు గొట్టములను చెఱచును గనుక వానిని మార్చవలెను. మన దేశమున ఇరువది వంతులు కలుపుచున్నారు. పాత బండ్లున్నవారు గమనింతురు గాక.

విద్యుత్తు విషయమున ఒక్క మాట. ఆ కారున బ్యాటరీ ధనధ్రువము కారు పెట్టెకు కలుపబడి యుండును. నేటి ఎలక్ట్రానిక్ పరికరములకు పెక్కింటికి ఋణధ్రువ మచ్చట నుండవలెను. తెలియక కలిపినచో క్షణములో కాలిపోవును. అందుచే ముందు ధ్రువములను మార్చి, డైనమోలో మిగిలియున్న అయస్కాంతత్వమును గూడ త్రిప్పవలెను. బ్యాటరీ నుండి ఒక తీగను క్షణకాలము డైనమోకు తాకించుటతో ఆ పని యగును.

మా తమ్ముని కుమారునకు ఇవేవియు చాలవు. వానికి పందొమ్మిదేండ్లు. "పెదనాన్నగారూ, 1973 మొదలు 1976 వఱకు కంపెనీవారే ఈ జాతి కారులో ఎనిమిది సిలిండరుల 3528 ఘనపు సెంటీమీటరుల ఇంజను పెట్టిరి. అది అల్యూమినియముది, అంత బరువును కాదు. మన మేల పెట్టరాదు?" అని మమ్ము మధ్యవర్తినిగా చేసెను. వాని లెక్కలో తప్పు లేదు. ఐనను అట్టి మార్పు "ముఖ్యమైన మార్పు"లలో చేరవచ్చును. అదియు గాక, రెండింతల ఇంజను నిలుపుటకు తగిన బ్రేకులు, ఇరుసు మరల వేఱే కావలయును. మేము తమ్ముని పక్షము వహించితిమి. కుఱ్ఱవాడు రెండు దినములు మాతో సరిగా మాటలాడలేదు.

మేము బయలుదేరుటకు ముందటి సాయంకాలము బ్రేకు గొట్టములలోని గాలిని తీసితిమి. కుఱ్ఱవాడు పెడలును త్రొక్కుచుండెను. తమ్ముడు చక్రమువద్ద చిన్న మఱను విప్పుచు బిగించుచుండెను. మేము సీసాను పట్టుకొని గొట్టమునుండి వచ్చు బుడగలను లెక్కించుచుంటిమి. మొదటి చక్రమున ముప్పదియొకటి వచ్చినవి. నాలుగవ చక్రము ముగియునప్పటికి తొమ్మిది గంటలైనను ఇంకను వెలుతురుండెను. కుఱ్ఱవాడు మరల త్రొక్కి, "రాతిమీద కాలు పెట్టినట్లున్నది" అనెను. ఇంజను మాత్రము ఇంకను మూలనున్న బల్లమీద గుడ్డ కప్పుకొని యున్నది.