రైలు కంపెనీల కలయిక

ఆదోని నల్లరేగడి నేలలు ప్రత్తికి పేరుగన్నవి. ఆ పట్టణము మీదుగా సాగిన మద్రాసు రైల్వే 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసెను. తరువాత సదరన్ మరాఠా రైల్వే గుంతకల్లు చేరెను. 1908లో ఈ రెండు కంపెనీలును ఒక్కటయ్యెను. ఇవి గుంతకల్లులో కలిసికొను మార్గములు. ప్రక్కప్రక్కనే సాగి పోటీపడిన కంపెనీలు సైతము లోకమున పలుచోట్ల ఏకమైనవి. ఏల?

ఎమ్మిగనూరు బండివాడు బేరము తగ్గినచో ఎడ్లను వేరొక యూరికి తోలుకొనిపోవును. రైలుమార్గము కదలదు. పట్టాలు, వంతెనలు, స్టేషనులు - వీని వ్యయము బండి నిండినను, నిండకున్నను తప్పదు. రెండు మార్గములు ప్రక్కప్రక్కనే యున్నచో ఉన్న సరకే రెండుగా చీలును. దానికై పోటీపడి కిరాయి తగ్గించినచో ఇరువురికిని నష్టమే. ఇంగ్లండులోని కెంటు సీమలో ఇట్లు చితికిన రెండు కంపెనీలు 1899లో ఉమ్మడి యాజమాన్యమునకు ఒప్పుకొనెను.

కలయికతో వ్యయము తగ్గవచ్చును. కాని కలిసినంతనే కష్టములు తీరవు. అమెరికాలో పెన్సిల్వేనియా, న్యూయార్కు సెంట్రల్ కంపెనీలు 1968లో కలిసి, 1970లోనే దివాలా తీసెను. అదియునుగాక, పోటీ తొలగిన పిదప కంపెనీ అధికముగా కిరాయి అడిగినచో ప్రత్తి రైతునకు వేరు దారి యుండదు. కావుననే కిరాయిలపై ప్రభుత్వపు అదుపు కావలెను. కలయిక వలని లాభములో ప్రజలకును పాలు దక్కినప్పుడే అది సార్థకమగును.