నలభై బండ్ల ఆర్డరు, పది రోజుల గడువు
స్టిక్కర్ పనిలో ఉన్న రైతుబిడ్డల కోసం

ఈ పేజీలో ఎప్పుడూ విత్తనాలు, తెగుళ్లు, ఎరువుల సంగతులే కదా, బండ్లకు అంటించే స్టిక్కర్ల గొడవ మనకెందుకు అని మీరు అనుకోవచ్చు. గుమ్మఘట్ట మండలంలో సేద్యం ఒక్కదాని మీదే గడిచే ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. భైరవానితిప్ప ప్రాజెక్టు మండలంలోనే ఉంది. కానీ వేదవతికి పైనుంచి నీళ్లు దిగిన ఏడే ఆయకట్టుకు పండగ. మిగతాదంతా ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానను నమ్ముకున్న మెట్టే. అందుకే ఇంట్లో ఒకరు కాడి పడితే ఇంకొకరు రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడతారు, మరొకరు కళ్యాణదుర్గంలోనో బళ్లారిలోనో 'రేడియం' షాపు పెట్టుకుంటారు. (పేరుకే రేడియం. అందులో రేడియం అణువంత కూడా లేదు. వెలుతురు పడితే తిప్పికొట్టే సన్నని గాజు పూసల పొర అది.)

నంబరు ప్లేట్లు, ట్రాక్టర్ ట్రాలీలకు ఎర్ర పట్టీలు, 'అమ్మ దీవెన' అక్షరాలు. ఇంతవరకు బాగానే నడుస్తుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఒకనాడు ఏ పాల డెయిరీ వాళ్లో, సరుకులు ఇంటింటికీ చేర్చే కంపెనీ వాళ్లో వచ్చి, "నలభై బండ్లున్నాయి, మూడు పక్కలా బొమ్మలు వేయాలి, పది రోజుల్లో కావాలి" అన్నప్పుడు. అంత పని ఒక్కసారి దొరికితే కుర్రవాడు సంతోషంతో తల ఊపుతాడు. ఆ తల ఊపుడుకు పెట్టుబడి మాత్రం ఇంట్లో ముంగారుకు దాచిన విత్తనాల డబ్బులోంచే వస్తుంది. కాబట్టి ఈ సంగతి తండ్రులూ చదవాలి.

తొందర పని అంటే మీకు కొత్త కాదు. జూన్ చివరో జూలైలోనో పదును వాన పడితే వేరుశనగ వేసేందుకు మీకు దొరికేది మూడు నాలుగు రోజులు. ఆ రోజుల్లో విత్తనం కోసం పరుగెత్తేవాడు వెనకబడతాడు. కాయలు ఒలిచి, విత్తనశుద్ధి మందు తెచ్చి, గొర్రు సరిచేసి, ఎద్దులో ట్రాక్టరో మాట్లాడి పెట్టుకున్నవాడే అదనులో వేస్తాడు. స్టిక్కర్ పనిలోనూ అంతే. బండికి అంటించడం చివరి పని. అంతకుముందు తెగిపోయేవే ఎక్కువ.

అడుగుల లెక్క, పట్టీల లెక్క

వినైల్ రోలు సాధారణంగా 4 అడుగుల వెడల్పు, 50 మీటర్ల పొడవు ఉంటుంది. అంటే 164 అడుగులు, మొత్తం 656 చదరపు అడుగులు. ఇప్పుడు టాటా ఏస్ లాంటి చిన్న బండి వెనుక డబ్బా పక్క 7 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు అనుకోండి. వెనుక తలుపులు 5 అడుగులకు 5. రెండు పక్కలు, వెనుక కలిపి 95 చదరపు అడుగులు. నలభై బండ్లకు 3,800. దాన్ని 656తో భాగిస్తే ఆరు రోళ్లు చాలనిపిస్తుంది.

చాలవు. 5 అడుగుల ఎత్తు 4 అడుగుల రోలులో పట్టదు. ఒక్కో పక్కకు నిలువుగా రెండేసి పట్టీలు పడాలి. పైనా కిందా మడతకు కలిపి ఒక్కో పట్టీ 5 అడుగుల 3 అంగుళాలు. మూడు పక్కలకు ఆరు పట్టీలు, అంటే బండికి 31 అడుగుల 6 అంగుళాల పొడవు రోలు పోతుంది. ఒక రోలుకు ఐదు బండ్లే. నలభై బండ్లకు ఎనిమిది రోళ్లు. చినిగినవాటికి, గాలి బుడగలు లేచి పీకేసినవాటికి ఇంకొకటి కలిపితే తొమ్మిది. ఆరుకూ తొమ్మిదికీ మధ్యన ఉన్న ఆ మూడు రోళ్లే ఆదివారం నాడు, డీలరు షాపు మూసి ఉన్నప్పుడు తక్కువ పడతాయి. పైన వేసే లామినేషన్ పొర కూడా ఇదే లెక్కలో కావాలి.

బండ్లన్నీ ఒకే కంపెనీవి కదా, ఒకటి కొలిస్తే చాలులే అనుకోకండి. ఇంజిను, ఛాసిస్ కంపెనీవి. వెనుక డబ్బా మాత్రం బాడీ కట్టేవాళ్లది. ఒకరు కట్టింది ఒకరికి అంగుళం, రెండంగుళాలు తేడా వస్తుంది. తలుపు గొళ్లెం ఉన్న చోటు కూడా మారుతుంది. నలభై బండ్లనూ టేపు పెట్టి కొలవండి. ఒక పూట పని.

ఏ వినైల్ కొనాలి

మార్కెట్లో రెండు జాతులున్నాయి. రోలర్ల మధ్య వేడి చేసి సాగదీసి తయారుచేసేది ఒకటి, కాలెండర్డ్ అంటారు. ఇది చవక, కాస్త మందం. సాగదీసి చేసింది కాబట్టి ఎండ తగిలేకొద్దీ వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది. ద్రవంగా పోసి ఆరబెట్టి చేసేది రెండోది, కాస్ట్ వినైల్. ఇది పలచన, ఖరీదు ఎక్కువ, ముడుచుకోదు. రివెట్ల మీద, వంపుల మీద చక్కగా కూర్చుంటుంది. డబ్బా నున్నని రేకు అయితే మంచి రకం కాలెండర్డ్‌తో పని జరుగుతుంది. గాళ్లు గాళ్లుగా ఉన్న రేకు, రివెట్లు ఎక్కువున్న రేకు అయితే చవక సరుకు మన ఎండలకు అంచుల నుంచి లేస్తుంది. బండి యజమానికి ఈ తేడా ముందే చెప్పి ధర మాట్లాడండి. చవక ధర ఒప్పుకుని ఖరీదు సరుకు వేస్తే నష్టం మీది. ఖరీదు ధర తీసుకుని చవక సరుకు అంటిస్తే పేరు పోతుంది.

రోళ్లన్నీ ఒకే లాట్ నంబరువి ఉండేట్టు చూడండి. వేరు లాట్లయితే తెలుపులోనే తేడా ఉంటుంది. ఒక పక్క రెండు పట్టీలను ఒకే రోలు నుంచి, ఒకదాని వెంట ఒకటి ప్రింటు తీయించండి.

అచ్చు దగ్గర పోయే రోజులు

మండలంలోని చిన్న షాపులో కటింగ్ ప్లాటరే ఉంటుంది. పెద్ద బొమ్మలు ఫ్లెక్సీ, వినైల్ ప్రింటు చేసే మిషను ఉన్న చోటికి, అనంతపురమో బళ్లారో పోవాలి. అక్కడికి ఫైలు పంపే ముందు తెలుగు అక్షరాలను తప్పక బొమ్మగా, అంటే 'కర్వ్స్'గా మార్చండి. మీ కంప్యూటర్లో ఉన్న అను ఫాంటు వాళ్ల దగ్గర లేకపోతే ఒత్తులు ఒకచోట, అక్షరం ఒకచోట పడతాయి. సరిహద్దు బండ్లు కాబట్టి కన్నడం కూడా రాయమంటారు. దాన్ని కన్నడం చదివినవాళ్లకు ఒకసారి చూపించండి. ఫోను నంబరును మీరు చదవడం కాదు, ఫోను తీసి ఆ నంబరుకు కొట్టి చూడండి.

మిషను గంటకు వంద చదరపు అడుగులు తీస్తుందనుకుంటే, బండికి 126 చొప్పున నలభై బండ్లకు 50 గంటలు. రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే ఆరు రోజుల పైన. అచ్చయిన వెంటనే లామినేషన్ వేయకూడదు. సిరాలోని ద్రావకం ఎగిరిపోవాలి. కనీసం 24 గంటలు చుట్ట వదులుగా విప్పి నిలబెట్టాలి. పచ్చి కాయలను మూటగట్టి గోదాములో వేస్తే ఏమవుతుందో మీకు తెలుసు. ఇక్కడా అదే తంతు. ద్రావకం లోపలే ఉండిపోతే జిగురు మెత్తబడి అంచులు చుట్టుకుపోతాయి. తొందర పనుల్లో అందరూ కోసేసేది ఈ ఒక్క రోజునే. నా మాట విని దీన్ని మాత్రం కోయకండి.

అందుకని అచ్చు మొత్తం అయ్యాక అంటించడం మొదలుపెట్టాలని కూర్చోకండి. మొదటి రోజు ఆరు బండ్లవి అచ్చు, రెండో రోజు అవి ఆరుతుంటే ఇంకో ఆరు అచ్చు, మూడో రోజు మొదటి ఆరింటికి లామినేషన్, నాలుగో రోజుకు బండ్ల మీదికి. ఇద్దరు మనుషులు చేయి తిరిగాక రోజుకు మూడు బండ్లు చేస్తారు. రెండు జతలు పెట్టుకుంటే రోజుకు ఆరు. ఈ లెక్కన పది రోజులు సరిగ్గా సరిపోతాయి, ఒక్క రోజు కూడా మిగలదు. కరెంటు పోయినా, మిషను ఆగినా తప్పుతుంది. యజమాని ఆరు రోజుల్లోనే కావాలంటే సగం బండ్లు ముందు, సగం తర్వాత అని అడగండి. ఒప్పుకోకపోతే వదులుకోండి. ఆ పని పోతే పోయేది లాభం ఒక్కటే.

అంటించే చోటు

ఆషాఢం గాలి ఎలా కొడుతుందో, అందులో ఎంత దుమ్ము ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆరుబయట అంటిస్తే స్టిక్కర్ కింద ప్రతి ఇసుక రేణువూ పొక్కులా లేస్తుంది. ఖాళీగా ఉన్న గోదామో, పెద్ద రేకుల షెడ్డో పది రోజులకు అడగండి. పొద్దున్నే నేలకు కళ్లాపి చల్లినట్టు నీళ్లు చల్లి దుమ్ము అణచండి. ఎండలో నిలిపిన బండి రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద జిగురు తగలగానే పట్టేస్తుంది, సరిదిద్దే వీలుండదు. బండిని రాత్రే లోపల పెట్టించి, చల్లని పూట పని చేయండి.

బండి ముందురోజే కడగాలి. అదే రోజు కడిగితే గొళ్లేల సందుల్లోని నీళ్లు సరిగ్గా అంటించేటప్పుడు కారుతాయి. సబ్బునీళ్లు ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. డీజిలు, పాలిష్ జిడ్డు సబ్బుకు పోదు. కొత్తగా పెయింటు వేసిన డబ్బా అయితే వారం రోజులైనా ఆరనివ్వాలి. పచ్చి పెయింటు లోపలి నుంచి ఆవిరి వదిలి బుడగలు లేపుతుంది. స్క్వీజీ అనే ప్లాస్టిక్ పట్టీతో నడుమ నుంచి అంచులకు లాగండి. రివెట్ల చుట్టూ సూదితో గాలి తీసి, హీట్ గన్‌తో వేడిచేసి అదమండి.

నంబరు ప్లేటు, లైట్లు, ముందు తెల్ల, పక్కల పసుపు, వెనుక ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీలు, వీటిలో ఏదీ బొమ్మ కింద పోకూడదు. రాత్రిపూట ఆ పట్టీలను చూసే వెనకబండివాడు బ్రేకు వేస్తాడు. అద్దాలకు ఫిల్ము వేయమంటే ఒప్పుకోకండి, 2012లోనే సుప్రీంకోర్టు కూడదంది. బండి మొత్తం రంగే మారిపోయే పని అయితే ఆర్‌టీవో ఆఫీసులో ముందు కనుక్కోమని యజమానికి చెప్పండి.

మాదిరి బండి, కాగితం, డబ్బు

ఇంటింటికీ బియ్యం తెచ్చిన బండ్లు మీకు గుర్తుండే ఉంటాయి. 2021 జనవరి 21న విజయవాడలో వాటిని ప్రారంభించారు. రాష్ట్రానికంతా 9,260 బండ్లు, అన్నిటికీ ఒకే తీరు రంగులు, బొమ్మలు. అప్పుడే పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. అవి పార్టీ రంగులని, మార్చాలని రాష్ట్ర ఎన్నికల కమిషన్ ఫిబ్రవరిలో చెప్పింది. అదే నెలలో హైకోర్టు ఆ ఆదేశాన్ని నిలిపింది. 2025 జూన్ 1 నుంచి బియ్యం పంపిణీ మళ్లీ చౌకదుకాణాలకే మారింది. ఎవరిది ఒప్పు అన్నది ఈ పేజీ పని కాదు. అంటించినవాడి వైపు నుంచి చూస్తే సంగతి ఒకటే. బండి మీది రంగును నిర్ణయించేది మీరు కాదు, ఒక్కోసారి మీకు పని ఇచ్చినవాడు కూడా కాదు. నలభై బండ్లూ అయ్యాక "ఈ పసుపు కాదు, ఆ పసుపు" అంటే ఖర్చు ఎవరిది?

కాబట్టి ముందు ఒకే ఒక్క బండి చేయండి. యజమానిని పిలిపించి ఎండలో నిలబెట్టి చూపించండి. ఫోను తెరమీది రంగు వేరు, రేకు మీది రంగు వేరు. దాని ఫొటో తీసి, కాగితం మీద బొమ్మ, రంగు, వినైల్ రకం, బండ్ల సంఖ్య, తేదీలు రాసి సంతకం తీసుకోండి. సంతకం తర్వాత మార్పు కోరితే వేరే ధర అని ఆ కాగితంలోనే రాయండి. రోజుకు ఎన్ని బండ్లు తెచ్చి ఇస్తారో కూడా రాయించండి. బండి రాకపోయి రోజు పోతే ఆ తప్పు మీ నెత్తిన పడకూడదు.

అడ్వాన్సు సంగతి. రోళ్లు, అచ్చు, లామినేషన్ ఖర్చు మొత్తం చేతికి వచ్చాకే డీలరుకు డబ్బు కట్టండి. కోసిన రోలును ఏ డీలరూ వెనక్కి తీసుకోడు. దీని కోసం బంగారం కుదువ పెట్టడం, విత్తనాల డబ్బు తీయడం వద్దు. మీ కూలి మాత్రం తర్వాత వచ్చినా ఇల్లు నిలుస్తుంది. ఇరవై బండ్లు అయ్యాక సగం కూలి, అన్నీ అయ్యాక మిగతాది అని మాట్లాడుకోండి.

షాపుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి. ఆధార్‌తో అవుతుంది, రుసుము లేదు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం కింద, పని అందుకున్నవాడు ఒప్పుకున్న తేదీకి డబ్బు ఇవ్వాలి. ఆ తేదీ కూడా 45 రోజులు మించకూడదు. తేదీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా అడిగే హక్కుంది. ఇవ్వకపోతే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దారి అనంతపురంలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో చెబుతారు. ఆర్డరు చేతికి రాకముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. బిల్లు ఆగిన తర్వాత చేయించుకుంటే అక్కరకు రాదు.

బండ్లు అప్పజెప్పేటప్పుడు రెండు మూడు రోజులు నీళ్ల పంపుతో గట్టిగా కడగొద్దని డ్రైవర్లకే చెప్పండి, యజమానికి చెబితే వాళ్ల దాకా చేరదు. వారం తర్వాత ఒకసారి పోయి అంచులు చూసి రండి. మిగిలిన ముక్కలు, ఫైలు దాచిపెట్టండి. ఎక్కడో ఒక బండి తలుపు సొట్టపోతుంది, ఆ ఒక్క పట్టీ కావాలని మళ్లీ మీ దగ్గరికే వస్తారు.