లూయిస్ పట్టణమున ఆటలు, ఆటస్థలములు

క్లబ్బు అను మాట మనకు క్రొత్తది కాదు. జిల్లా ముఖ్యపట్టణములలో పెద్దమనుష్యులు సాయంకాలము చేరి, పేకాట ఆడుకొనుచు పత్రికలు తిరుగవేయు భవనమునకు ఆ పేరు వచ్చినది. అందుచేత కుఱ్ఱవాడు క్లబ్బునకు పోవుచున్నాడన్న మాట వినినంతనే పల్లెలలో తల్లిదండ్రులు ముఖము చిట్లింతురు. ఆ మాట పుట్టిన ఇంగ్లండునందు దాని అర్థము ఇంకను విరివియైనది. పదిమంది చేరి, చందాలు వేసికొని, నియమములు వ్రాసికొని, ఏటేట లెక్కలు చెప్పుకొనుచు ఒక పనిని నడపుకొనుటకు క్లబ్బు అని పేరు. ఆ పని చాల చోట్ల ఆటయై యుండును. నేనీనాడు ముచ్చటింపదలచినది అట్టి క్లబ్బులను గూర్చియు, అవి నిలిచియున్న నేలను గూర్చియు. నేలను గూర్చియే ఎక్కువగా చెప్పెదను. బంతి చినిగిన మఱియొకటి కొనవచ్చును గాని, ఇండ్లు లేచిన మైదానమును మరల మైదానముగా చేసినవారిని నేను చూడలేదు.

ఉదాహరణమునకు లూయిస్ అను పట్టణమును తీసికొందము. లండనునకు దక్షిణముగా ఇంచుమించు 50 మైళ్ల దూరమున ఉన్నది. ఈస్టు ససెక్సు మండలమునకు ముఖ్యపట్టణము. 2011 జనాభా లెక్కలలో అచటి జనము 17 వేలకు కొంచెము పైన. మన లెక్కలో నొక పెద్ద పంచాయతి యనవచ్చును. సుద్దకొండల నడుమ, ఊజ్ నది యొడ్డున, నార్మనుల కాలపు కోటను నెత్తిన పెట్టుకొని కూర్చున్న ఊరు. మా అమ్మాయి కాపురము ఆ ప్రాంతముననే యగుటచే నేనొక వేసవి అచట గడపితిని. అరువది దాటిన పండితునకు ఆటలతో పనియేమని మీరడుగవచ్చును. బడిపంతులుగా నున్నన్నాళ్లు పిల్లలను ఆడించుటకు చోటు వెదకుకొనుచు తిరిగినవాడను. ఖాళీనేల కంటబడినపుడెల్ల ఇది యెవరిదని అడుగుట నాకు అలవాటైపోయినది. లూయిస్‌లోను అదేపని చేసితిని.

కోట యావరణములోనే యొక పచ్చికబయలు కలదు. అచట బౌల్స్ అను ఆట ఆడుదురు. మన గోలీలాటకు పెద్దన్న వంటిది. ముందుగా నొక చిన్న తెల్లని బంతిని దొర్లించి వదలుదురు. పిదప నొక్కొక్కరు తమ పెద్దబంతులను దొర్లించి, ఎవరిది ఆ చిన్నబంతికి చేరువగా నిలుచునో చూతురు. ఇందలి మర్మమేమనగా, పెద్దబంతిని సరియైన గుండ్రముగా చేయరు. ఒకవైపు మలపు ఉండుటచే, వేగము తగ్గినకొలది అది ప్రక్కకు వంగిపోవును. తిన్నగా విడిచినవాని బంతి గురి తప్పును. ఆ వంపును ముందే లెక్కగట్టినవాడు గెలుచును. పరుగులేదు, త్రోపులాట లేదు. నేను చూచిన ఆటగాండ్రలో నాకంటె పెద్దవారే ఎక్కువమంది. ఒక్కొక్క బంతి విడిచిన పిమ్మట అది తమ మాట వినునట్లు దాని వెంట చేతులూపుచు నడచుచుందురు! 17వ శతాబ్దము నుండి ఆ బయలున ఈ యాట సాగుచున్నది.

ఇంత నిరపాయమైన ఆటను ఒకప్పుడు బీదలకు నిషేధించిరనిన మీరు నమ్మరు. ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున, 1541లో, ఒక శాసనము పుట్టినది. కూలివారు, చేతిపనివారు, నౌకరులు, పని నేర్చుకొను కుఱ్ఱలు క్రిస్మసు దినములందు తప్ప బౌల్స్ ఆడరాదు. ఆ దినములలోనైనను తమ యజమాని యింటనో, అతని కన్నులయెదుటనో ఆడవలెను. ప్రజలు ఆటలలో పడి విలువిద్య మఱచుచున్నారని రాజు చెప్పిన కారణము. భూవసతి గల దొరలకు మాత్రము సడలింపు లుండెను. తుపాకులు వచ్చి విండ్లు మూలబడిన తరువాత గూడ ఆ శాసనము పుస్తకములలో నిలిచియే యుండి, 1845లో గాని తొలగిపోలేదు. ఆట యనగా తీరిక, తీరిక యనగా అధికారము గలవాని సొమ్ము అను భావము ఆ దేశమున అంత లోతుగా పాతుకొనియుండెను.

ఆ భావమును ఎదిరించినవారిలో నొకడు ఈ యూరిలోనే కాపురముండుట చిత్రము. థామస్ పెయిన్ అను సుంకపు ఉద్యోగి 1768 మొదలు 1774 వరకు లూయిస్‌లో నివసించెను. ఈ బయలుననే బౌల్స్ ఆడెననియు చెప్పుదురు. సాయంకాలములందు వైట్ హార్ట్ అను సత్రమున మిత్రులతో చేరి వాదములు సాగించుచుండెను. ఆ గోష్ఠికి హెడ్‌స్ట్రాంగ్ క్లబ్బు అని పేరు, అనగా మొండివారి సంఘము. అచటినుండి అమెరికాకు పోయి 1776లో అతడు ప్రకటించిన ‘కామన్ సెన్స్’ అను చిన్న పుస్తకము ఆ దేశ స్వాతంత్ర్యమునకు ఎంత తోడ్పడెనో చరిత్ర చదివినవారెరుగుదురు.

ఇక కాల్బంతి యాట. ఊరి దిగువభాగమున, పూర్వమొక క్రైస్తవ మఠముండిన చోటికి చేరువగా, పల్లముగా నున్న మైదానమొకటి కలదు. దానిపేరు డ్రిప్పింగ్ పాన్. మాంసము కాలుచుండగా కారెడు క్రొవ్వును పట్టు పళ్లెమునకు వారు వాడు మాట యది. ఆ పల్లమును ఎవరు త్రవ్విరో, ఎందులకు త్రవ్విరో తలకొక విధముగా చెప్పుదురు. మఠమువారి ఉప్పుమడి యని కొందరందురు. నా కంటికి మాత్రము అది వేసవిలో ఎండిన చెరువువలె కనబడినది. నడుమ ఆట సాగుచుండగా, గట్లమీద నిలువబడి జనము చూచుచుందురు. 1885లో పుట్టిన లూయిస్ ఫుట్‌బాల్ క్లబ్బు నాటినుండి నేటివరకు అచటనే ఆడుచున్నది.

1885 ప్రాంతమున ఇంగ్లండంతట ఇట్టి క్లబ్బులు పుట్టగొడుగులవలె ఎందుకు లేచెను? కారణములు పెక్కు గలవు గాని, ముఖ్యమైనది శనివారపు సగము సెలవు. 1850 నాటి కర్మాగారముల చట్టము బట్టల మిల్లులలో స్త్రీలకును పిన్నవయస్సువారికిని శనివారము మధ్యాహ్నము రెండు గంటలకే పని ముగియవలెనని విధించెను. వారు లేక యంత్రములు నడువవు గనుక మగవారికిని తీరిక దొరకినది. క్రమముగా ఇతర వృత్తులకును ఆ యలవాటు ప్రాకినది. ఇంటికిపోయి భోజనముచేసి మైదానము చేరుసరికి మూడు గంటలు. నేటికిని అచట శనివారపు కాల్బంతి పోటీలు మూడు గంటలకు మొదలగుట ఆచారము.

లూయిస్ క్లబ్బు తన శక్తికి మించిన పోటీలలోనికెక్కి అప్పులపాలై, 2010 నాటికి మూతపడు స్థితికి వచ్చినది. అప్పుడు అభిమానులు కొందరు పూనుకొని దానిని ఊరుమ్మడి సొత్తుగా మార్చిరి. స్వల్పమైన మొత్తము చెల్లించిన ప్రతివాడును యజమాని. ఎక్కువ ఇచ్చినను తక్కువ ఇచ్చినను ఒక్కనికి ఒక్కటే ఓటు. క్లబ్బును నడపు సభ్యులను ఆ యజమానులే ఎన్నుకొందురు. ఇతర దేశములవారు గూడ ఇందు వాటాదారులై యున్నారు.

ఆ క్లబ్బు 2017లో చేసిన పని మఱింత పేరు తెచ్చినది. పురుషుల జట్టునకును స్త్రీల జట్టునకును జీతముల క్రింద సమానమైన మొత్తము కేటాయించిరి. ఇదేమంత గొప్ప యని యనుకొనరాదు. వెనుకటి కథ తెలిసినగాని దాని బరువు తెలియదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున మందుగుండు కర్మాగారములలో పనిచేసిన ఆడువారు కాల్బంతి జట్లు కట్టిరి. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్ నగరమున డిక్ కెర్ అను కర్మాగారపు ఆడువారి జట్టు ఆడగా చూచుటకు 53 వేలమంది వచ్చిరి. మఱుసటి సంవత్సరమే ఇంగ్లీషు ఫుట్‌బాల్ సంఘమువారు, ఈ యాట ఆడువారికి తగదని చెప్పి, తమ క్రింది క్లబ్బుల మైదానములలో వారిని ఆడనీయవద్దని తీర్మానించిరి. ఆ కట్టడి ఇంచుమించు 50 ఏండ్లు సాగినది. వారు ఆడువారిని ఆడవద్దని శాసింపలేదు, గమనింపుడు! నేలను మాత్రమే మూసివేసిరి. అది చాలినది.

ఆడువారి యాట యనగా ససెక్సు మండలపు సొంత ఆట యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. స్టూల్‌బాల్ అందురు. క్రికెట్టునకు దగ్గరి చుట్టము. నేలలో నాటు మూడు పుల్లలకు బదులు భుజముల యెత్తున నొక పలకను నిలుపుదురు, బంతి నేల తాకకుండ దానికి తగులవలెను. వెనుక పాలు పిదుకు పడుచులు తమ ముక్కాలిపీటలను పెట్టుకొని ఆడిరని జనశ్రుతి.

ఊరి ఉత్తరభాగమున పెల్స్ పూల్ అను ఈతకొలను కలదు. 1860లో ఊరివారి చందాలతో కట్టినది. పొడవు ఇంచుమించు 50 గజములు, పైకప్పు లేదు, ఊటనీటితో నింపుదురు, ఆ నీటిని వెచ్చచేయరు. జూన్ మాసమున చేయి ముంచి చూచి, ఇందులో దిగువారు ఏమి తిని పెరిగిరో యని నేను ఆశ్చర్యపడితిని. పిల్లలు మాత్రము కేరింతలు కొట్టుచుండిరి. ఇంగ్లండునందు ఆరుబయట నున్న మంచినీటి ఈతకొలనులలో ప్రజలకు తెరచినవానిలో ఇదియే మిక్కిలి పురాతనమని చెప్పుదురు. స్థలము పట్టణ కౌన్సిలుది. నడుపువారు కౌన్సిలు నౌకరులు కారు, ఊరివారు కూడి ఏర్పరచుకొన్న ధర్మసంఘమువారు. లాభము మిగిలిన కొలనుమీదనే ఖర్చుపెట్టవలెను.

ఇవి గాక, డ్రిప్పింగ్ పాన్ ప్రక్కనే నేటికాలపు లీజర్ సెంటరు కలదు. పైకప్పు గల ఈతకొలను, వ్యాయామశాల, ఇంటిలోపలి యాటలకు హాలు, అన్నియు ఒకచోటనే. 1970 తరువాత ఇట్టి భవనములు ఆ దేశమందలి అనేక పట్టణములలో లేచినవి. ఉపయోగమైనవే. కాని నీటిని వెచ్చచేయు ఖర్చు భారీయైనది. 2022లో ఇంధనపు ధరలు మిన్నంటినపుడు పెక్కు ఊళ్లలో కౌన్సిలులకు అది తలకు మించిన బరువైనది.

మైదానములను కాపాడుకొనుటలో ఇంగ్లీషువారు సర్వజ్ఞులని నేననను. 1980 మొదలు పదునైదేండ్లపాటు పాఠశాలల ఆటస్థలములను విస్తారముగా ఇండ్లకొరకు అమ్ముకొనిరి. ప్రజలు గోలపెట్టిన మీదట, 1998 నాటి చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల మైదానము అమ్మవలెననిన మంత్రి యనుమతి పొందవలసివచ్చినది. అంతకు చాలముందే, 1936లో అయిదవ జార్జి రాజు మరణించినపుడు, విగ్రహములతో తృప్తిపడక ఆయన పేర ఆటస్థలములు ఏర్పాటుచేయ నిశ్చయించి, ఆ రాజ్యమంతట 471 మైదానములను శాశ్వతముగా ఆటలకే దత్తముచేసి దస్తావేజులు వ్రాసిరి. ద్వారముల ప్రక్కన సింహపు బొమ్మయు, ఒంటికొమ్ము గుఱ్ఱపు బొమ్మయు చెక్కిన పలకలు నేటికిని కనబడుచుండును. 2011 చట్టము మఱియొక సదుపాయము కలిగించినది. ఊరివారు కోరినచో ఒక మైదానమునో కొలనునో సమాజమునకు విలువగల ఆస్తియని కౌన్సిలు పట్టీలో చేర్పింపవచ్చును. యజమాని దానిని అమ్మదలచినపుడు, ఊరివారు కొనగోరుచున్నామని తెలిపినచో, సొమ్ము కూర్చుకొనుటకు ఆరు మాసముల గడువుండును. వారికే అమ్మవలెనను నిర్బంధము లేదు, గడువు మాత్రమే.

దస్తావేజు మాట వచ్చినది గనుక నా యనుభవమొకటి చెప్పెదను. నేను పనిచేసిన యొక యూరిలో బడి వెనుక మూడెకరముల బయలుండెను. తాతల కాలమునుండి పిల్లలు అందు చెడుగుడు, బిళ్లంగోడు ఆడిరి. అది బడిదని అందరును అనుకొనిరి గాని, వ్రాత యొక్కటియు లేదు. ఒక వేసవి సెలవులలో అందు కొట్లు లేచినవి. నేను కాగితములకొరకు రెండేండ్లు తిరిగితిని. అడిగిన ప్రతిచోటను నన్ను కూర్చుండబెట్టి మర్యాద చేసిరి. కాగితము మాత్రము ఎవరియొద్దను లేకపోయెను.

ఆ కారణముచే లూయిస్‌లో నాకు ఆటలకంటె నియమావళులు ఎక్కువ రుచించినవి. 2002 నుండి ఆ దేశమున చిన్న క్రీడాసంఘములు ఒక ప్రత్యేకమైన పట్టీలో చేరిన యెడల పన్నులు తగ్గును. స్థలముమీది పన్నులో నూటికి ఎనుబది వంతులు మాఫీ. అందుకు కొన్ని షరతులు గలవు. కులము, మతము, లింగభేదము లేక ఎవరినైనను చేర్చుకొనవలెను. చందా బీదలు చేరలేనంత యుండరాదు. మిగులు సొమ్మును సభ్యులు పంచుకొనరాదు. క్లబ్బు ఎత్తివేయవలసివచ్చినను దాని ఆస్తి సభ్యులకు చెందదు. మఱియొక క్లబ్బునకో, ధర్మసంస్థకో, ఆ యాట సంఘమునకో పోవలెను. అనగా ఆ నేలను కాజేయదలచినవాడు క్లబ్బులో చేరి ప్రయోజనము లేదు.

ఏటికొకసారి సర్వసభ్య సమావేశము జరుగును. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, సాధారణముగా వీరెవ్వరికిని జీతముండదు. ఆ వేసవిలో నేను చూచిన యొక చిన్న క్లబ్బు గోడమీద వెనుకటి సంవత్సరపు జమాఖర్చు అంటించియుండెను. దారినపోవు నావంటి పరదేశి గూడ చదువుకొనవచ్చును. పచ్చిక కోసిన కూలి, గింజల ఖరీదు, కంచె మరమ్మతు, భీమా, అన్నియు వరుసగా వ్రాసియున్నవి. చిట్టచివరి పద్దు తేనీటికిని రొట్టెలకును అయిన ఖర్చు; దాని ప్రక్కన ఎవరో పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకము గీసియుంచిరి.