గొర్రెపిల్ల రక్తం ఏం చెబుతుంది?

అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల తడబడే కాళ్లతోనే పొదుగు వెతకడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ తొందర ఆకలి ఒక్కదానికే కాదు. రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు మనకు పుట్టకముందే తల్లి నుండి మాయ ద్వారా అందుతాయి. గొర్రె మాయ వాటిని దాటనివ్వదు. ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాలలోనే అవి రావాలి. పిల్ల పేగు వాటిని చెడకుండా రక్తంలోకి పంపేది సుమారు 24 గంటలే.

మరి పిల్ల తాగిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండోరోజు రక్తం తీసి ఇమ్యునోగ్లోబులిన్-జి కొలుస్తారు. లేదా గామా గ్లుటమిల్ ట్రాన్స్‌ఫరేజ్ అనే ఎంజైమును చూస్తారు. మనుషుల్లో ఇది పెరిగితే వైద్యులు కాలేయాన్ని అనుమానిస్తారు. గొర్రెపిల్లలో మాత్రం శుభవార్తే! ముర్రుపాలలో ఈ ఎంజైము మెండు కనుక, పిల్ల బాగా తాగిందన్నమాట. తక్కువైతే విరేచనాలకో, న్యుమోనియాకో సులభంగా లొంగిపోతుంది. చిక్కేమిటంటే, పరీక్ష తేల్చేసరికి పేగు తలుపు మూసుకుపోయి ఉంటుంది. అందుకే కవలలు పుడితే, కాపరి బలహీనమైన పిల్ల మూతిని వెంటనే పొదుగుకు అందిస్తాడు.