పర్రేసియా: ఏథెన్సు సభ నుండి అపొస్తలుల సాక్ష్యం వరకు

ఉపోద్ఘాతం

పేతురు యోహానుల ధైర్యాన్ని చూసి యూదుల మహాసభ ఆశ్చర్యపడిన సంగతి (అపొ. కా. 4:13) మన ప్రసంగాలలో తరచుగా వినిపిస్తుంది. ఈ వచనాన్ని బోధించేటప్పుడు మనం సాధారణంగా ధైర్యాన్ని ఒక మనోబలంగా వివరిస్తాం. భయం పోవాలి, గుండె నిబ్బరం రావాలి అంటాం. దీనివల్ల స్వభావరీత్యా బెరుకుగా ఉండే విశ్వాసి తనలో ఆత్మ పని చేయడం లేదేమోనని కుంగిపోతాడు. గొంతెత్తి మాట్లాడగలిగినవాడు తాను ఆత్మపూర్ణుడనని తలంచుకుంటాడు.

ఇక్కడ మూలంలో ఉన్న గ్రీకు పదం పర్రేసియా. ఇది మొదట మనసును గూర్చిన మాట కాదు, పౌర జీవితాన్ని గూర్చిన మాట. "ఎవరికి నోరు విప్పే హక్కు ఉంది?" అనే ప్రశ్న దీని వెనుక ఉంది. ఈ పద చరిత్రను తెలుసుకుంటే పై వచనం మన సంఘాలతో మరో విధంగా మాట్లాడుతుంది.

1. పద నిర్మాణం

"పాన్" అనగా సమస్తం, "రేసిస్" అనగా పలుకు. ఈ రెండు కలిసి పర్రేసియా అయింది. దాచకుండా అంతా చెప్పడం అని దీని అర్థం. గుండె ధైర్యాన్ని చెప్పడానికి గ్రీకులో వేరే మాటలున్నాయి. మత్తయి 9:2లో పక్షవాయువు గలవానితో ప్రభువు పలికిన మాట "థార్సెయో" అనే క్రియ. 1 కొరింథీయులకు 16:13లో పౌలు "ఆంద్రిజోమాయ్" అనే క్రియను వాడాడు. పర్రేసియా వీటికి భిన్నమైనది. అది మాటకు సంబంధించినది.

2. ఏథెన్సు నగరంలో

క్రీ.పూ. 508లో క్లేస్తెనేసు సంస్కరణల తరువాత ఏథెన్సులో ప్రజాపాలన రూపు దిద్దుకుంది. ప్నిక్స్ అనే గుట్ట మీద పౌరుల సభ కూడేది. ఆ సభ పేరు ఎక్లేసియా. క్రొత్త నిబంధనలో "సంఘము" అని మనం చదివే పదం అదే. మాట్లాడదలచినవారు ముందుకు రావచ్చునని అక్కడ చాటింపువాడు పిలిచేవాడు. సభలో మాట్లాడడానికి పౌరులందరికీ ఉన్న సమాన హక్కును ఈసెగోరియా అన్నారు. ఆ హక్కును వాడుకొని, ఎదుటివాడు ఎంతటివాడైనా ఉన్నదున్నట్లు చెప్పడాన్ని పర్రేసియా అన్నారు.

ఈ పదం తొలిగా కనిపించే చోట్లలో క్రీ.పూ. 5వ శతాబ్దపు నాటకకర్త యూరిపిదేసు రచనలు ముఖ్యమైనవి. "ఫినీషియ స్త్రీలు" అనే నాటకంలో దేశభ్రష్టుడైన కుమారుణ్ణి తల్లి పరవాస జీవితంలోని కష్టమేమిటని అడుగుతుంది. పర్రేసియా లేకపోవడమే అన్నిటికంటె పెద్ద కష్టమని అతడు చెబుతాడు. తలంచినది చెప్పలేకపోవడం దాసుని బ్రతుకేనని తల్లి బదులిస్తుంది. "అయోన్" అనే మరొక నాటకంలో, తన తల్లి ఏథెన్సు స్త్రీయై ఉండాలని కథానాయకుడు కోరుకుంటాడు. అప్పుడే తనకు పర్రేసియా దక్కుతుందని అతని ఆశ. తల్లిదండ్రులిద్దరూ ఏథెన్సువారైతేనే పౌరసత్వమని క్రీ.పూ. 451లో పెరిక్లేసు చట్టం చేయించిన సంగతి ఈ మాటల వెనుక ఉంది.

కాబట్టి పర్రేసియా పుట్టుకతో వచ్చే హక్కు, పౌరులలోని పురుషులకే చెందిన హక్కు. స్త్రీలకు, దాసులకు, పరదేశులకు ఆ సభలో మాట లేదు.

ఈ పదానికి చెడు అర్థం కూడా ఉండేది. తన కాలపు ప్రజలు హద్దులేని మాటనే సమానత్వంగా భ్రమపడుతున్నారని క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇసొక్రాతేసు విమర్శించాడు. నోటికి వచ్చినదెల్ల అనడం వేరు, సత్యాన్ని దాచకుండా చెప్పడం వేరు అన్న ఎరుక గ్రీకులకు ఉండేది.

3. సభ నుండి స్నేహానికి

క్రీ.పూ. 322లో మాసిదోనియ ప్రభువుల చేతిలో ఏథెన్సు ప్రజాపాలన అంతమైంది. సభకు బలం తగ్గింది గాని పదం నిలిచింది. ఇప్పుడది రాజుకు మంత్రి, స్నేహితునికి స్నేహితుడు, శిష్యునికి గురువు చెప్పే నిష్కపటమైన మాట అయింది. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో ఫిలొదేమసు అనే తత్వవేత్త దీనిమీద ఒక గ్రంథమే వ్రాశాడు. క్రీ.శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతం బద్దలై హెర్కులేనియం పట్టణాన్ని పూడ్చివేసినప్పుడు, ఆ గ్రంథపు ప్రతి మాడిన పపైరసు చుట్టగా అక్కడే మిగిలింది. ముఖస్తుతి చేసేవానిని, నిజమైన స్నేహితుని వేరుచేసేది పర్రేసియాయేనని ప్లూతార్కు కూడా బోధించాడు.

4. గ్రీకు పాత నిబంధనలో

లేవీయకాండము 26:13లో, ఐగుప్తులో ఇశ్రాయేలీయుల మెడమీద ఉన్న కాడిని విరిచి వారిని నిలువుగా నడిపించానని దేవుడు చెబుతున్నాడు. "నిలువుగా" అనే హెబ్రీ మాటకు సెప్టువజింతు అనువాదకులు "పర్రేసియాతో" అని వ్రాశారు. వంగిన నడుము నిటారు కావడాన్ని, దాసుడు స్వతంత్రుడు కావడాన్ని వారు ఈ ఒక్క పదంలో చూశారు. ఏథెన్సులో ఇది జన్మహక్కు. ఇక్కడ మాత్రం విడిపించిన దేవుడు దాసులకు ఇచ్చిన వరం.

యోబు గ్రంథపు గ్రీకు అనువాదం (22:26; 27:10) మరొక అడుగు ముందుకు వేసింది. అక్కడ పర్రేసియా దేవుని ఎదుట మనుష్యునికి ఉండే చొరవ. అలెగ్జాండ్రియవాడైన ఫిలో, అబ్రాహాము మోషేలు దేవునితో మాట్లాడిన తీరును ఈ మాటతోనే వివరించాడు.

5. క్రొత్త నిబంధనలో

ఈ నామవాచకం క్రొత్త నిబంధనలో 31 సార్లు, దాని క్రియారూపం 9 సార్లు వస్తుంది. తెలుగు బైబిలులో సందర్భాన్ని బట్టి ధైర్యము, బాహాటముగా, స్పష్టముగా అనే మాటలు కనిపిస్తాయి. ముఖ్యంగా మూడు కోణాలను గమనించాలి.

(అ) బహిరంగత. యోహాను సువార్తలో ఈ పదం 9 సార్లు ఉంది. ప్రధానయాజకుని ఎదుట ప్రభువు తాను లోకమెదుట బాహాటంగా మాట్లాడానని, రహస్యంగా ఏమీ చెప్పలేదని అన్నాడు (18:20).

(ఆ) హక్కులేనివారి సాక్ష్యం. అపొ. కా. 4:13లో పేతురు యోహానులు విద్యలేని పామరులు. "పామరులు" అన్నచోట గ్రీకులో ఉన్నది "ఇదియోతాయ్". ఏ పదవీ, ఏ ప్రత్యేక శిక్షణా లేని సామాన్యులకు ఆ మాట వాడేవారు. గొంతు వణకలేదన్నది మాత్రమే మహాసభ ఆశ్చర్యానికి కారణం కాదు. ఆ స్థలంలో మాట్లాడే అర్హత లేదనుకున్నవారు అర్హులవలె మాట్లాడారు. బెదిరింపుల తరువాత సంఘం ప్రార్థించినది కూడా దీనికోసమే (4:29). అపొస్తలుల కార్యములు ముగిసేది కూడా ఈ పదం దగ్గరే. రోమాలో కావలిలో ఉన్న పౌలు పూర్ణ పర్రేసియాతో, ఆటంకం లేకుండా బోధించాడు (28:31). చేతికి సంకెళ్లున్నా మాటకు సంకెళ్లు లేవు.

(ఇ) దేవుని సన్నిధికి ప్రవేశం. హెబ్రీ పత్రికలో ఇది యేసు రక్తం వలన మనకు కలిగినది (10:19, 4:16 కూడ చూడండి). మన ప్రార్థన ఎంత ఉద్రేకంగా ఉందన్న దానిమీద ఇది ఆధారపడదు. ఇంటి పిల్లలకు ఇంట్లో ఉండే చనువు వంటిది.

6. పరిచర్యకు అన్వయం

ఒక జాగ్రత్త అవసరం. ఏథెన్సు చరిత్రనంతటినీ ప్రతి వచనంలోనికి చొప్పించకూడదు. యోహాను 10:24లో ఈ పదానికి "స్పష్టముగా" అన్నదే సరైన భావం. పద చరిత్ర సందర్భానికి సహాయపడాలి గాని దాని స్థానాన్ని ఆక్రమించకూడదు.

ఆ జాగ్రత్తతోనే రెండు మాటలు చెప్పవచ్చు. మొదటిది, పర్రేసియా అంటే దురుసుతనం కాదు. ఆజ్ఞాపించడానికి క్రీస్తునందు తనకు పర్రేసియా ఉన్నదని చెప్పిన పౌలు, దానిని పక్కన పెట్టి ప్రేమతో ఫిలేమోనును బతిమాలుకున్నాడు (ఫిలే. 8, 9). ఒక దాసుని కోసం అలా బతిమాలాడన్నది మరువరాదు. వేదిక మీద నుండి మనుష్యులను గాయపరచి దానికి ఆత్మ ధైర్యమని పేరు పెట్టేవారికి ఈ వచనమే జవాబు.

రెండవది, మన సంఘాలలో ఎవరు మాట్లాడుతున్నారు? మన తెలుగు సంఘాలలో అనేకుల పూర్వికులు ఊరి పెద్దల ఎదుట నోరెత్తడానికి వీలులేక బ్రతికినవారు. సువార్త వారిని నిలువుగా నడిపించింది. అట్టి సంఘంలోనే స్త్రీలు, పేదలు, యౌవనులు సంఘ కూడికలో లేచి ఒక ప్రశ్న అడగడానికి జంకుతున్నారంటే, ఏథెన్సు సభలో ఉన్న గీతనే మనం ఎక్లేసియాలో తిరిగి గీస్తున్నామన్నమాట. కాపరి ఎదుట నిజం చెప్పగల విశ్వాసి ఒక్కడైనా లేకపోతే ముఖస్తుతి చేసేవారే మిగులుతారు.

ముగింపు

ఏథెన్సులో ఫలానావాని కొడుకైతేనే పర్రేసియా. క్రొత్త నిబంధనలో దేవుని కుమారుని రక్తం వలన పర్రేసియా. కనుక బెరుకు గల విశ్వాసికి మనం చెప్పవలసినది "ధైర్యం తెచ్చుకో" అన్నది మాత్రమే కాదు. "నీకు మాట్లాడే హక్కు ఇవ్వబడింది, మేము వింటాం" అని కూడా చెప్పాలి. చెప్పిన తరువాత వినాలి.